చివరి మాట దుకాణదారుడిది

ముందే చెబుతున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని టీకొట్టు దగ్గరా, ఇంటికొచ్చి మా ఆవిడ మీదా చూపించాను. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను. మైకు పట్టుకుని ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలెవరైనా చదివితే సంతోషం. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకుండా ఉంటే ఇంకా సంతోషం.

మాది తిరువూరు. మొదట్లో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాణ్ణి. ఒక టీవీ ఛానలు వాళ్ళకు ఈ ప్రాంతంలో మనిషి కావాల్సి వస్తే, సొంత కెమెరా ఉందన్న ఒకే ఒక్క అర్హతతో నన్ను తీసుకున్నారు. వినియోగదారుల సమస్యల మీద వాళ్ళకో వారపు కార్యక్రమం ఉండేది. కొన్న వస్తువు పనిచేయకపోయినా, గ్యారంటీ కార్డు చూపించినా దుకాణం వాళ్ళు మొహం చాటేసినా జనం మాకు ఉత్తరం రాసేవాళ్ళు. మేం వెళ్ళి ఇద్దరి మాటా విని, ఆ వస్తువును నలుగురి ముందూ పరీక్షించి, ఆదివారం పొద్దున అరగంట చూపించేవాళ్ళం.

ఆ కార్యక్రమాన్ని నడిపే మేడం హైదరాబాదులో ఉండేది. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కానీ ఆవిడ పెట్టిన పద్ధతులు తప్పితే మాత్రం ఎంత కష్టపడి తీసినా బుట్టలో పడేసేది. ఫిర్యాదు చేసినవాళ్ళూ, అమ్మినవాళ్ళూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చోవాలి. వస్తువును ఇంట్లో, పొలంలో ఎలా వాడతారో అలాగే వాడి పరీక్షించాలి. చివరి మాట దుకాణదారుడిది.

"నింద మోసేవాడికి ఆఖర్న మాట్లాడే హక్కు ఉండాలయ్యా," అనేది మేడం. అందుకే ప్రకటనలకు ముందు సగం కొన్నవాళ్ళది, ప్రకటనల తర్వాత సగం అమ్మినవాళ్ళది. మధ్యలో ప్రకటనలొచ్చే రెండు నిమిషాలూ ఇళ్ళల్లో జనం తప్పెవరిదని వాదించుకునేవాళ్ళు. తర్వాత దుకాణదారుడు నోరు విప్పేసరికి సగం మంది మాట మార్చేవాళ్ళు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా నేను ఆ వరసలోనే తీశాను, ఆ వరసలోనే పంపాను. బల్ల కూడా నాదే. ఆటోలో వేసుకుని విస్సన్నపేట, రెడ్డిగూడెం, గంపలగూడెం అన్నీ తిప్పాను.

తర్వాత మేడం రిటైరైంది. కార్యక్రమం కొత్త హంగులతో వస్తోందని నెలరోజులు ఊదరగొట్టారు. మొదటి ఆదివారం మా వీధిలో వాళ్ళందర్నీ పిలిచాను. మా ఆవిడ పెసరట్లు వేసింది. ఎంతైనా మన కార్యక్రమం కదా.

ఏం చెప్పమంటారు! తెర మొత్తం ఎర్రగా వెలిగింది. డప్పులు మోగాయి. ఒక అమ్మాయి గాజు బల్ల చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. ఎవరో దుకాణదారుడి మొహం పెద్దదవుతూ వచ్చి, దాని మీద 'మోసం' అని ఎర్రముద్ర ధన్‌మని పడింది. ఆ మనిషి నోరు తెరిచే లోపలే ఇంకో మొహం వచ్చింది, ఇంకో ముద్ర పడింది. ఒక్కో ఫిర్యాదుకు రెండు నిమిషాలు. ఉత్తరాలు చదవడం లేదు. పరీక్ష లేదు. పక్కపక్కన కూర్చోబెట్టే బల్ల లేదు. పెసరట్టు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు.

"ఏంటండీ ఇది? ఎవరో ఎవర్నో తిట్టారు. ఏం వస్తువో కూడా తెలియలేదు," అంది మా ఆవిడ.

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేక కోప్పడ్డాను. వెంటనే హైదరాబాదు ఫోన్ చేశాను. కొత్త ప్రొడ్యూసరు కుర్రవాడే, మర్యాదస్తుడే. "సార్, జనానికి ఓపిక లేదు సార్," అన్నాడు.

"జనానికి లేదా, నీకు లేదా?" అన్నాను.

నవ్వేశాడు. నేను ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర గంటసేపు తిట్టాను. ఆ తర్వాత కూడా నెలల తరబడి తిడుతూనే ఉన్నాను. కానీ ఉద్యోగం మానలేదు. కొత్త పద్ధతి ఏమిటో, నేను పంపినదాన్ని వాళ్ళు ఎక్కడ కోసి ఎలా అతికిస్తున్నారో నేర్చుకోనూ లేదు. అలిగిన అల్లుడిలా కూర్చుని, పాత వరసలోనే తీసి పంపుతూ వచ్చాను. వెళ్ళినవాటిలో చాలావరకు వాళ్ళు వాడుకోలేదు కాబట్టి నాకు నష్టమేమిటో తెలియలేదు. తెలిసేసరికి ఇంకో మనిషి మెడకు చుట్టుకుంది.

గంపలగూడెం దగ్గర కౌలుకు పత్తి వేసే ఒకావిడ నాకు ఫోన్ చేసింది. భర్త పోయాక పొలం పనంతా ఆవిడే చూసుకుంటుంది. పత్తికి పురుగుమందు కూడా తనే కొడుతుంది. వీపుకు తగిలించుకునే బ్యాటరీ పంపు తిరువూరులో కొనుక్కుంది. దాంతో మందు కొట్టిన ప్రతిసారీ మెడ వెనక, వీపు మీద మంట. "ఆదివారం ప్రార్థనకి తెల్లచీర కట్టుకుని పోతే, వెనకాల కూర్చున్నవాళ్ళు చెప్పారయ్యా, మెడ మీద పుండ్లు పడినయ్యని. నాకు కనపడదు కదా," అంది.

ఆ పంపు అమ్మిన దుకాణదారుడు నాకు బాగా తెలిసినవాడు. వ్యవసాయ పనిముట్లు అమ్ముతాడు. అటు వెళ్ళినప్పుడల్లా ఆయన భార్య నాకు టీ ఇవ్వందే కదలనివ్వదు. నేను వెళ్ళి అడిగితే ఆయన ఏమీ దాచిపెట్టలేదు. ఆ రకం పంపులన్నీ వెనక గదిలో పడేసి తాళం వేశాడు. కంపెనీకి రెండుసార్లు ఉత్తరం రాశాడు, జవాబు లేదు. పంపు వాడొద్దమ్మా, టీవీ వాళ్ళకు చెప్పు, వాళ్ళు చూపిస్తే కంపెనీ దిగొస్తుంది అని ఆవిడకు నా ఫోన్ నంబరు ఇచ్చింది ఆయనే.

అన్నీ తీశాను. ముందు ఆవిడ మాట, మెడ మీద పుండ్లు, దుకాణం బోర్డు, కౌంటర్లో కూర్చున్న ఆయన. రెండో సగంలో ఆయన జవాబు, తాళం వేసిన గది, కంపెనీకి రాసిన ఉత్తరాలు, ఆయన నిజాయితీ గురించి ఆవిడ చెప్పిన మంచిమాట. మేడం నేర్పిన వరస. చక్కగా వచ్చిందని మురిసిపోయి పంపాను.

ఫిర్యాదుకు రెండే నిమిషాలైతే రెండో సగం ఎక్కడుంటుంది? వాళ్ళు మొదటి రెండు నిమిషాలూ తీసుకుని, మిగతాది చూడను కూడా చూడలేదు. ఆదివారం పొద్దున ఆ పెద్దమనిషి మొహం తెర నిండా పెరిగి, దాని మీద 'మోసం' అని ఎర్రముద్ర పడింది.

చెప్పులేసుకుని ఆయన దుకాణానికి పరిగెత్తాను. పత్తికి మందు కొట్టే రోజులు, ఆదివారమైనా కొట్టు కిటకిటలాడాలి. ఒక్క మనిషి లేడు. ఎదురుగా బడ్డీ దగ్గర నిలబడినవాళ్ళు ఇటే చూస్తున్నారు. ఆయన స్టూలు మీద కూర్చుని చేతిలో ఏదో వాషరు తిప్పుతున్నాడు.

"ముప్పై ఏళ్ళండీ," అన్నాడు. "మా నాన్న బోర్డు అది. ఇందాక మా మనవరాలు అడిగింది, తాతయ్యా నువ్వు దొంగవా అని." అంతే.

తిట్టినా బాగుండేది. ఆయన భార్య లోపల్నించి వచ్చి, నా మొహం చూడకుండా "టీ తాగుతారా అండీ?" అంది. తల తీసేసినట్టయింది. ఆ టీ నేను తాగలేకపోయాను.

పిల్లలూ, ఇక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. తప్పంతా ఆ కుర్ర ప్రొడ్యూసరు మీదకు నెట్టేద్దామని ఆ క్షణంలో నాకూ అనిపించింది. కానీ నిజాయితీపరుడి మాటను తీసుకెళ్ళి, ఖాయంగా కోసేసే చోట పెట్టింది నా చెయ్యే. పాత పద్ధతి మీద నాకున్న గౌరవం గొప్పదే కావచ్చు. కొత్తవాళ్ళు ఏం చేస్తున్నారో కళ్ళు తెరిచి చూడకపోవడం మాత్రం ఉత్త బద్ధకం.

బస్టాండు దగ్గర నిలబడి హైదరాబాదు ఫోన్ చేశాను. "బాబూ, ఆయన తప్పు లేదు. రెండో సగం చూడు. చూసి సవరణ వెయ్యి," అన్నాను.

"సవరణ వేస్తే టెంపో పోతుంది సార్. కానీ దీనికి రెస్పాన్స్ బాగా వచ్చింది సార్! వచ్చే ఆదివారం అక్కణ్ణుంచే లైవ్ పెడదాం. ఆ షాపు ముందే. బాధితురాలు ఆయన్ని నిలదియ్యాలి. నాలుగు నిమిషాలు ఇస్తాను."

బూతులు నోటిదాకా వచ్చాయి. ఇంతలో ఆ మాట బుర్రకెక్కింది. లైవ్ అంటే కోయడానికి ఉండదు. అప్పటిదాకా ఆ కొత్త హంగుల్లో నాకు నచ్చిన ముక్క ఒక్కటీ లేదు. ఆ రోజు మొదటిసారి ఒకటి దొరికింది.

"సరే బాబూ," అన్నాను, ఎంతో వినయంగా.

పత్తావిడ అప్పటికే షేర్ ఆటోలో దిగింది. చూసిందట. మండిపడుతోంది. "ఏందయ్యా ఇది? నేను పంపు గురించి చెప్పా గానీ ఆయన మీద చెప్పానా? అన్నం పెట్టిన చేతిని నరికించావు కదయ్యా నాతో! నువ్వేం చేస్తావో నాకు తెలవదు, ఆయన పేరు ఆయనకి తెచ్చివ్వు," అంది నడిరోడ్డు మీద. నేను అవునమ్మా, అవునమ్మా అంటూ నిలబడ్డాను.

ఆ వారమంతా ఆయన కొట్టు తెరుస్తూనే ఉన్నాడు. ఎవరూ మెట్లెక్కలేదు. లైవ్ సంగతి చెబితే మొదట చేతులు జోడించాడు. "ఇంకా చాలదా అండీ?" అన్నాడు. పత్తావిడే వెళ్ళి ఒప్పించింది.

ఆదివారం పొద్దున మా వరండాలో బల్ల మీద మా ఆవిడ అప్పడాలు ఆరబెట్టింది. అవన్నీ తీసి మంచం మీద వేసి, బల్లను ఆటోకెత్తించాను. బీరువాలోంచి నా తెల్లచొక్కా తీశాను. బట్టలకు పెట్టే నీలిమందు సీసా ఒకటి జేబులో వేసుకున్నాను.

"అది కొత్త చొక్కా అండీ!" అని మా ఆవిడ వెనకాల అరుస్తూనే ఉంది.

దుకాణం ముందు బల్ల వేసి ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. గొడవ జరుగుతుందని జనం బాగానే మూగారు. హైదరాబాదు నుంచి యాంకరమ్మ అడిగే ప్రశ్నలు అందరికీ వినపడాలని చిన్న స్పీకరు పెట్టమన్నారు, పెట్టాను. ఫోను స్టాండుకు బిగించాను. లైవ్ మొదలైంది.

"అమ్మా, మిమ్మల్ని మోసం చేసిన వ్యక్తి మీ పక్కనే ఉన్నాడు. ఆయన్ని ఏమడగాలనుకుంటున్నారు?" అని స్పీకర్లోంచి కేక.

"ఏమీ అడగనమ్మా," అంది పత్తావిడ. "పంపు వాడొద్దని నాకు చెప్పిందే ఆయన. మందు పడితే ఒళ్ళు చెడుద్దని కొట్టు లోపల పంపులన్నిటికీ తాళం వేసుకుంది ఆయన. ఆ ముక్క మీరు కోసేశారు."

యాంకరమ్మ ఇంకో ప్రశ్న వేసే లోపల నేను ఆ రకం పంపు ట్యాంకులో నీళ్ళు పోసి, నీలిమందు కలిపి, మూత బిగించాను. నా తెల్లచొక్కా తొడుక్కున్న దుకాణదారుడి వీపుకు పంపు తగిలించాను. "ఇది పురుగుమందు కాదు, బట్టలకు పెట్టే నీలిమందు. కారితే చొక్కా మీద కనపడుతుంది. చూడండి," అని చెప్పి మోటారు ఆన్ చేశాను.

ఆయన నిటారుగా నిలబడి గాలిలోకి కొట్టాడు. ఒక నిమిషం గడిచింది. వెనక్కి తిప్పి చూశాం. చొక్కా మల్లెపూవులా ఉంది, ఒక్క చుక్క లేదు.

యాంకరమ్మ గొంతులో హుషారు తిరిగొచ్చింది. "అంటే పంపులో లోపమే లేదన్నమాట! మరి ఈ ఫిర్యాదు మొత్తం అబద్ధమా? ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారా?" జనంలో ఎవడో ఈల వేశాడు. ఒక్కడి పేరు నిలబెడదామని వచ్చి ఇద్దరి పేర్లూ చెడగొడుతున్నానా అనుకున్నాను. ఇంకా నిమిషన్నరే ఉంది.

పత్తావిడ బల్ల మీంచి లేచింది. "ఏందయ్యా ఆ నిలబడటం? జెండా వందనమా? పత్తికి ఎవరన్నా అట్టా కొడతారా? పురుగు ఆకు కింద ఉంటది. వంగండి! ఇంకా వంగండి సార్!"

మేడం ఇరవై ఏళ్ళు నేర్పిన మాట, వస్తువును వాడేచోట ఎలా వాడతారో అలాగే పరీక్షించాలని. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా పత్తికి మందు కొట్టని నేను దాన్ని నడివీధిలో మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

ఆయన నడుం వంచాడు. మొక్క మొదట్లోకి కొడుతున్నట్టు వంగాడు. ముందు మూత కింద ఒక చుక్క మెరిసింది. తర్వాత కాలరు తడిసింది. ఆ వెంటనే నీలం రంగు మెడ మీంచి వీపు మీదికి జారి, చూస్తుండగానే నడుం దాకా పాకింది. జనం ఒక్కసారిగా ఓ అని అరిచారు. ముందు వరసలో ఉన్న ఒక రైతు తన మెడ వెనక చెయ్యి పెట్టుకుని, "ఓరి నీ దుంప తెగ, నాకూ ఇదే కదరా!" అన్నాడు.

"సమయం అయిపోయింది, మనం ఇప్పుడు విరామం..." అంటోంది స్పీకరు.

"ఆగమ్మా," అంది పత్తావిడ ఫోను వైపు చూసి, చంటిదాన్ని మందలించినట్టు. "పోయిన వారం ఆయన్ని మాట్లాడనియ్యలా. ఇయ్యాలన్నా చెప్పనీ."

యాంకరమ్మ ఆగింది. నేను మైకు దుకాణదారుడి ముందు పెట్టాను. ఇన్నేళ్ళుగా వందల మందితో అన్న మాటే అన్నాను. "చివరి మాట మీదండీ."

తను దొంగ కాదని చెబుతాడనుకున్నాను. తండ్రి బోర్డు గురించి, కంపెనీకి రాసిన ఉత్తరాల గురించి చెబుతాడనుకున్నాను. ఆయన నీళ్ళు కారుతున్న చొక్కాతో మైకు దగ్గరికి జరిగాడు.

"ఈ రకం పంపు నా దగ్గర కొన్నవాళ్ళు ఎవరూ వాడొద్దండి. తెచ్చి ఇచ్చేయండి. వేరేది ఇస్తాను. వేరే ఊళ్ళో కొన్నవాళ్ళు కూడా వాడొద్దు. మూత చెడ్డది. ఒళ్ళు పాడవుద్ది. అంతేనండి."

అంతే. లైవ్ అక్కడ అయిపోయింది. జనంలో ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు మోగాయి. ఎదురు బడ్డీ దగ్గర వారం నుంచీ ఇటే చూస్తున్నవాళ్ళు రోడ్డు దాటి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. ఆయన భార్య గ్లాసులన్నీ బయటికి తెచ్చి వచ్చినవాళ్ళందరికీ టీ పోసింది. ఈసారి నేను రెండు గ్లాసులు తాగాను. ఎందుకు దాచుకోవడం, ఏడ్చాను కూడా.

ఉద్యోగం పోతుందనే ఇంటికెళ్ళాను. సాయంత్రం కుర్ర ప్రొడ్యూసరు ఫోన్ చేశాడు. "సార్, కట్ చెయ్యమని పైవాళ్ళు నా మీద అరుస్తూనే ఉన్నారు సార్. వేలు బటన్ మీదే ఉంది. ఆవిడ ఆగమ్మా అనేసరికి నొక్కలేకపోయాను," అన్నాడు. మళ్ళీ తనే, "ఆ రెండో సగం ఇప్పుడు చూశాను సార్. రాత్రికి మొత్తం వేస్తున్నాం, మ్యూజిక్ లేకుండా," అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. ఆ గాజు బల్ల మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.

మర్నాడు దుకాణం ముందు పంపులు భుజాన వేసుకుని జనం బారులు తీరారు. విస్సన్నపేట నుంచి, రెడ్డిగూడెం నుంచి కూడా వచ్చారు. రెండు ఉత్తరాలకు పలకని కంపెనీ కారేసుకుని మరీ వచ్చింది. పంపులన్నీ వెనక్కి తీసుకుని మూత మార్చింది. కార్యక్రమంలో ఎర్రముద్ర తీసేశారు. డప్పులు తియ్యలేదు. ఒక్కో ఫిర్యాదుకు మళ్ళీ అరగంట ఇవ్వలేదు, ఉత్తరాలు మళ్ళీ చదవలేదు. ఆ దిగులు నాకుంది, ఉంటుంది. కానీ ఆ రెండు నిమిషాల్లోనూ దుకాణదారుడిని ముందే మాట్లాడించడం మొదలుపెట్టారు. చివర్లో పెడితే కోసేస్తారు కాబట్టి ముందు పెట్టమని చెప్పింది నేనే. మేడంకి ఫోన్ చేసి చెబితే ఆవిడ చాలాసేపు నవ్వింది. "నా పద్ధతి తలకిందులు చేసి బతికించావన్నమాట," అంది. నా ఉద్యోగ జీవితంలో అంతకు మించిన మెప్పు లేదు.

మొన్న పత్తి సీజనులో ఆ దుకాణంలో కూర్చుని టీ తాగుతున్నాను. పత్తావిడ కొత్త పంపు కొనడానికి వచ్చింది. మెడ మీద పుండ్లు మాని మచ్చలు మిగిలాయి. నీళ్ళు పోయించి, పంపు వీపుకు తగిలించుకుని, కౌంటరు ముందు నడుం వంచి నేల దాకా వంగింది. ఆవిడ వెనక ఇద్దరు రైతులు తమ పంపులు తగిలించుకుని అలాగే వంగారు. ఇప్పుడు తిరువూరులో వంగి చూడకుండా ఎవరూ పంపు కొనరు.

ఆ సమయానికి ఏదో కొత్త కంపెనీ తరఫున టై కట్టుకుని వచ్చిన అబ్బాయి గుమ్మంలో ఆగిపోయాడు. వరసగా వంగి ఉన్న ముగ్గుర్నీ చూసి, గొంతు తగ్గించి, "ఏంటండీ, ఈ ఊళ్ళో పంపుకి పూజ చేస్తారా?" అని అడిగాడు.

దుకాణదారుడి భార్య అతనికి టీ గ్లాసు అందించింది.

"కాదు నాయనా, పరీక్ష," అంది. "టీ తాగి నువ్వూ వంగు."